పేరు మార్చుకునే మత్తుకు చట్టం కళ్లెం వేయగలదా?



మత్తు పదార్థం అనగానే మన కళ్ల ముందు గంజాయి పొట్లమో, సారా ప్యాకెట్టో కనబడుతుంది. కానీ నేటి మత్తుకు పొలం అక్కర్లేదు, వాన అక్కర్లేదు. నాలుగు గోడల మధ్య ఒక రసాయనశాల ఉంటే చాలు. అది నొప్పి మాత్ర రూపంలో, మెరిసే షీటులో మన చేతికి వస్తుంది.

గండికోట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది దూరపు విషయం కాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో బండలు మోసే పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. సాయంత్రానికి నడుము పట్టేస్తే "అన్నా, ఒళ్లు నొప్పులకు రెండు బిళ్లలు ఇయ్యి" అని చీటీ లేకుండానే తెచ్చుకోవడం మనం ఎరిగిన అలవాటు. వాటిలో ఎక్కువ భాగం మామూలు నొప్పి మాత్రలే. కానీ అదే అలవాటు దారి వెంట మత్తు మాత్ర కూడా నడిచి వస్తుంది. కాబట్టి ఏ మాత్ర మీద ఏ చట్టం ఉందో తెలుసుకోవడం చదువుకుంటున్న మన బాధ్యత.

ఒక కుటుంబం, అనేక పేర్లు

గసగసాల మొక్క పాల నుంచి నల్లమందు, నల్లమందు నుంచి మార్ఫిన్ వస్తాయి. మార్ఫిన్‌లాగే పనిచేసే మందులను మొక్కతో నిమిత్తం లేకుండా రసాయనాలతోనే తయారు చేయడం మనిషి నేర్చుకున్నాడు. ఫెంటానిల్, ట్రమడాల్, టపెంటడాల్ అలా పుట్టినవే. ఆపరేషన్ చేసే డాక్టరు చేతిలో ఫెంటానిల్ వరం. అది మార్ఫిన్ కంటే సుమారు వంద రెట్లు శక్తి కలది. దొంగ వ్యాపారి చేతిలో పడితే అది ప్రాణాంతకం. మోతాదు మించితే నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది.

ఇక్కడే చట్టానికి చిక్కు వచ్చింది. కెమిస్ట్రీ చదివే మిత్రులకు తెలుసు, ఒక అణువులో ఒక చిన్న భాగాన్ని మారిస్తే అది వేరే పదార్థమవుతుంది, పేరూ మారుతుంది. మత్తు మాత్రం అలాగే ఉండవచ్చు, ఇంకా పెరగనూవచ్చు. మన దేశంలో 1985లో వచ్చిన ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రధానంగా పేర్ల జాబితా మీద నడుస్తుంది. జాబితాలో పేరుంటే నేరం. పేరు లేకపోతే, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి చేర్చేదాకా ఆ చట్టం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కోట గోడ ఎంత ఎత్తు కట్టినా దిడ్డివాకిలి తెరిచి ఉంటే ఏం లాభం?

ఉదాహరణ చూడండి. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ఈ చట్టం కిందికి తెచ్చారు. దానికి దగ్గరి బంధువైన టపెంటడాల్‌ను అప్పుడు చేర్చలేదు. 2025 ఫిబ్రవరిలో ఏం బయటపడింది? ముంబైకి చెందిన ఒక కంపెనీ టపెంటడాల్‌ను కారిసోప్రొడాల్ అనే మరో మందుతో కలిపి మాత్రలు చేసి ఘనా, నైజీరియా వంటి పశ్చిమాఫ్రికా దేశాలకు పంపుతోందని బి.బి.సి. వెల్లడించింది. ఆ కలయికకు మన దేశంలో అనుమతే లేదు. గొడవ అయ్యాకే కేంద్రం ఆ మాత్రల తయారీకి, ఎగుమతికి ఇచ్చిన అనుమతులను రద్దు చేయమని ఆదేశించింది. అప్పటికే అక్కడి వీధుల్లో మనలాంటి పేద యువకులు వాటికి బానిసలయ్యారు.

మన తెలుగు నేల కూడా ఈ కథకు బయట లేదు. హైదరాబాదు మందుల తయారీకి పేరుగాంచిన నగరం. 2025 మార్చిలో అక్కడి ఒక రసాయన కంపెనీ మీద, ఫెంటానిల్ తయారీకి పనికివచ్చే ముడి రసాయనాన్ని అమెరికాకు పంపిందని ఆ దేశ న్యాయశాఖ అభియోగం మోపింది. అభియోగం అంటే తీర్పు కాదు. కానీ అందులో చెప్పిన రసాయనం మనకు పాఠం నేర్పుతుంది. అది నాలుగు-పైపెరిడోన్ అనే ముడి సరుకుకు ఒక తొడుగు తొడిగిన రూపం. తొడుగు తీసేస్తే అసలు సరుకే. ఈ రెండింటినీ ఐక్యరాజ్యసమితి 2024లో నియంత్రిత జాబితాలో చేర్చింది. అంటే మందులోనే కాదు, ముడి సరుకులోనూ ఈ మారువేషాలు ఉన్నాయి.

కుటుంబాన్ని మొత్తం పట్టుకోవాలి

అందుకే కొన్ని దేశాలు పేరును వదిలి కుటుంబాన్ని పట్టుకున్నాయి. చైనా 2019 మే 1 నుంచి ఫెంటానిల్ తరహా పదార్థాలన్నింటినీ ఒకే వర్గంగా నియంత్రించింది. బ్రిటన్ 2025 జనవరిలో నైటజీన్లు అనే మరో మత్తు కుటుంబాన్ని అలాగే కట్టడి చేసింది. అమెరికా 2025 జూలైలో ఫెంటానిల్ సంబంధిత పదార్థాలకు శాశ్వత చట్టం చేసింది. మన దేశమూ ఈ దారి పట్టాలన్నది నా అభిప్రాయం.

"పేరే లేని పదార్థానికి శిక్ష ఎలా వేస్తారు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చేసిన నాటికి నేరం కాని పనికి శిక్ష వేయరాదని మన రాజ్యాంగంలోని 20వ అధికరణం చెబుతోంది. కానీ ఏ నిర్మాణం ఉన్న అణువులు నిషిద్ధమో ముందే రాసిపెడితే ఆ అభ్యంతరం నిలవదు. మందులకు, పరిశోధనకు మినహాయింపు కూడా అందులోనే రాయవచ్చు.

వల ఎవరి మీద పడాలి?

అయితే మిత్రులారా, వల పెద్దది చేయమని అడిగే ముందు ఆ వలలో ఎవరు పడతారో చూడాలి. ట్రమడాల్‌కు ఐదు గ్రాముల వరకు "స్వల్ప పరిమాణం". శిక్ష ఒక ఏడాది వరకు జైలు లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది దాటితే పదేళ్ల వరకు జైలు. సుప్రీంకోర్టు 2020లో హీరా సింగ్ కేసులో, మందుతో కలిసిన ఇతర పదార్థాల బరువును కూడా లెక్కలో చేర్చాలని తీర్పు ఇచ్చింది. లెక్క వేయండి. మాత్రలో మందు 50 మిల్లీగ్రాములు, మాత్ర మొత్తం బరువు 300 మిల్లీగ్రాములు అనుకుందాం. రెండు షీట్లు, ఇరవై మాత్రలు. అసలు మందు ఒక గ్రామే, కానీ తూకంలో ఆరు గ్రాములు! స్నేహితుడి మాట విని చీటీ లేకుండా రెండు షీట్లు జేబులో పెట్టుకున్న హాస్టల్ పిల్లవాడు పదేళ్ల శిక్ష పడగల సెక్షన్ కింద నిలబడతాడు. వకీలును పెట్టుకునే స్తోమత ఆ తల్లిదండ్రులకు ఎక్కడిది? టన్నుల లెక్కన తయారు చేసినవాడికి మాత్రం పెద్ద పెద్ద లాయర్లు దొరుకుతారు. షాపు మాత్రల విషయంలోనైనా అసలు మందు బరువునే లెక్కించేలా చట్టాన్ని సవరించాలి.

చట్టంలో దయ లేకపోలేదు. వ్యసనపరుడు తానుగా చికిత్సకు ముందుకొస్తే స్వల్ప పరిమాణం కేసుల్లో విచారణ నుంచి రక్షణ కల్పించే 64ఎ సెక్షన్ ఉంది. డాక్టరు చీటీతో తగిన మోతాదులో మందు ఉంచుకున్న రోగి నేరస్థుడు కాడు. క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ సులువుగా అందాలని 2014లో చట్టాన్ని సవరించారు కూడా. కానీ ఈ సంగతులు మన ఊళ్లలో ఎవరికి తెలుసు? భయపడిన షాపువాళ్లు, ఆస్పత్రులు నిజంగా నొప్పితో ఏడ్చేవాడికి కూడా మందు లేదంటే అది చట్టం గెలుపు కాదు.

మన రాష్ట్రంలో 2024లో ఈగల్ దళం ఏర్పడింది. 2025 మార్చిలో "ఆపరేషన్ గరుడ" పేరుతో మెడికల్ షాపుల్లో తనిఖీలు చేశారు. మంచిదే. కానీ తనిఖీ ఒక్కరోజు పండుగ కాకూడదు. హెచ్-1 మందులు అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని నిబంధన ఉంది. ట్రమడాల్ ఆ కోవలోదే. ఆ రిజిస్టరును నెలనెలా చూసినా సగం దారి మూసుకుంటుంది. మిగిలిన సగం ఫ్యాక్టరీ గేటు దగ్గర మూయాలి.

వైద్య అవసరాలకు తప్ప ఆరోగ్యానికి హానిచేసే మత్తు పదార్థాల వాడకాన్ని నిషేధించేందుకు ప్రభుత్వం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. అంబేద్కర్ గారి చలవతో చదువుకుంటున్న మనం ఆ వాక్యంలోని రెండు సగాలనూ గుర్తుంచుకోవాలి. రోగికి మందు అందాలి, వ్యాపారికి మత్తు అందకూడదు.

తోటి విద్యార్థి ఎవరైనా ఈ ఊబిలో కాలు పెడితే దాచిపెట్టవద్దు, వెలివేయవద్దు. వార్డెన్ గారికో, నమ్మకమైన మాస్టారికో చెప్పండి. మత్తు అమ్మేవాళ్ల సమాచారానికి 1972, వ్యసనం నుంచి బయటపడే సలహాకు 14446 నెంబర్లు ఉన్నాయి. ఇంట్లో అమ్మానాన్నలకు చీటీ లేని మాత్ర వద్దని చెప్పండి. ఇక చట్టాలు చేసేవారికి మన విన్నపం ఒక్కటే. పేరు మార్చుకున్న విషాన్ని వదలకండి, దాని వాత పడిన పేదవాడిని విషంతో సమానంగా చూడకండి.