పథ్యం ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ
గుండె జబ్బు ఒక్కరికే రావచ్చు, దాన్ని తెచ్చే అలవాట్లు మాత్రం ఇంటిల్లిపాదివీ. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ తరఫున ఆరోగ్య కార్యకర్తలు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04 నాటి మరణాల గురించి ఇంటింటా ఆరా తీశారు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. కాయకష్టం చేసుకునే ఊళ్ల లెక్క ఇది! ఆ అలవాట్లలో ఒకటి ఉప్పు: ఎక్కువైతే గుండెకు చేటు చేసే రక్తపోటు పెరుగుతుంది. డెల్టా వంటింట్లో అది కూరతో ఆగదు: ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపల పులుసు, అన్నిటా ఉంటుంది. రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బీపీ ఉన్న పెద్దాయనకు చప్పిడి కూర విడిగా వండి, పక్క కంచాల్లో ఆవకాయ, ముద్దపప్పు, నెయ్యి వడ్డిస్తే ఆ పథ్యం వారం కూడా నిలవదు. తప్పు ఆయనది కాదు. అందరి కూరలోనూ ఉప్పు కొద్దికొద్దిగా తగ్గించి, నిమ్మరసం, మెంతిపొడి, కొత్తిమీరతో రుచి నిలిపితే కొన్ని వారాల్లో ఇంటందరి నాలుకా అలవాటు పడుతుంది. నడకా అంతే. సాయంత్రం కాలవ గట్టు మీదో, రాజమండ్రి పుష్కర ఘాట్ వైపో ఇద్దరు కలిసి బయల్దేరితే మానెయ్యడం కష్టం. లంక పొగాకు చుట్ట మానాలనుకునే తాతకు సుద్దులు చెప్పడం కన్నా ఇంట్లో మరెవరూ ముట్టించకపోవడమే పెద్ద సాయం. ఈ వేసవిలో ఆవకాయ ఒక జాడీ తక్కువ పెట్టండి. ముప్ఫై దాటినవాళ్లంతా ఒకే రోజు వెళ్లి బీపీ చూపించుకోండి.