వాల్తేరు బోర్డుకి నీలం పెట్టెా?

ఒక రంగు డబ్బా కొని, అమెరికన్ బొమ్మ రైలు పెట్టె మీద కొట్టేసి, "ఇదిగో మన గోదావరి!" అని ఫొటోలు పంపేవాళ్ళతో నాకు పేచీ ఉంది. బొమ్మ రైళ్ళ మీద కాదండోయ్, నేనూ ఆ బాపతే. మా బేస్‌మెంట్ సంగతి మా ఆవిడనడిగితే కన్నీళ్ళతో చెబుతుంది. నా పేచీ అంతా "అచ్చం నిజం రైల్లా ఉంది కదూ" అన్న ఆ ఒక్క మాట మీద.

ముందు కొలతలు. ఇక్కడ ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. 2018 దాకా పెరంబూరులో తయారైన మన ఐసీఎఫ్ పెట్టె పొడవు 21.3 మీటర్లు, ఈ లెక్కన బొమ్మ 245 మిల్లీమీటర్లుండాలి. 85 అడుగుల అమెరికన్ పెట్టె అయితే 297 వస్తుంది. ఏథర్న్ వాళ్ళ పాత కిట్లలో, ఇరుకు మలుపుల్లో తిరగడానికని 72 అడుగులకి కుదించిన పెట్టెలుండేవి. వాటిని చూస్తే ఇక్కడి ఛాదస్తులు మొహం చిట్లిస్తారు. తమాషా ఏమిటంటే, పొడవులో మన పెట్టెకి దగ్గరగా వచ్చేవి అవే! పట్టాల మధ్య దూరం కూడా తేడాయే: మన బ్రాడ్‌గేజి లెక్కకి 19.2 మిల్లీమీటర్లుండాలి, దొరికేది 16.5. దీన్ని నేను క్షమించేస్తాను. పట్టాలూ చక్రాలూ కూడా చేత్తో చేసుకోమంటే ఉద్యోగం మానుకోవాలి.

కానీ కిటికీలు? అడ్డకమ్మీలు లేని రెండో తరగతి పెట్టెలో మీరెప్పుడైనా ప్రయాణం చేశారా? మెట్టు కప్పూ, రివెట్లూ, ఒక్కో బోగీకి మూడేసి ఇరుసులూ ఉన్న పాతకాలపు పుల్‌మన్ పెట్టెకి ఎర్రరంగు వేస్తే పుల్‌మన్‌కి చీర కట్టినట్టుంటుంది తప్ప మన రైలవదు. (మనం పెట్టెనే బోగీ అంటాం గానీ, బోగీ అంటే కింద చక్రాలుండే చట్రం. ఈ పోరు నేనెప్పుడో ఓడిపోయాను.)

ఇవన్నీ సరిచేసినా అసలు పాపం ఇంకోటుంది. ఈ మధ్య ఒకాయన చాలా ఓపిగ్గా చేసిన పెట్టె చూశాను. కమ్మీలు సన్నటి ఇత్తడి తీగతో పెట్టాడు, చేతికి దండం పెట్టాలి. రంగు నీలం. బోర్డు మీద "వాల్తేరు - హైదరాబాదు". గోదావరి మొదలైంది 1974లో. వాల్తేరు స్టేషను పేరు విశాఖపట్నంగా మారింది 1987లో. మన పెట్టెలు ముదురెరుపు వదిలి నీలానికి మారింది తొంభైల్లో. అంటే ఆ పెట్టె ఏనాడూ ఏ ప్లాట్‌ఫారం మీదా నిలబడి ఉండదు. ఆ మాటే అంటే, "నాకు అలాగే గుర్తుందండీ" అన్నాడు.

అదీ నా గొడవ. చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి వెళ్ళిన రైలూ, వీసా స్టాంపింగుకి వెళ్ళిన రైలూ బుర్రలో ఒకటైపోయాయి. దాన్ని జ్ఞాపకం అని చెప్పుకోండి, ఎవరూ కాదనరు. నిజం అనకండి. సరదాకి చేసుకునేదానికి ఇంత రాద్ధాంతమా అంటారా? ఇక్కడ పుట్టిన పిల్లలు మనూరి రైలు చూసేది ఆ షెల్ఫు మీదే. వాళ్ళకి ఆ పెట్టే సాక్ష్యం.

ఇక మురికి. బొమ్మ రైళ్ళకి మురికి పట్టించి చూపించడాన్ని అమెరికాలో ఒక కళగా నిలబెట్టినవాళ్ళలో మాంటెరేకి చెందిన జాన్ అలెన్ ముఖ్యుడు. 1973 జనవరిలో ఆయన పోయిన పది రోజులకే ఆయన కట్టిన రైలు ప్రపంచంలో చాలా భాగం అగ్నికి ఆహుతైంది, ఫొటోలు మిగిలాయి. మనవాళ్ళు ఆ పాఠం సగమే నేర్చుకున్నారు. ఎయిర్‌బ్రష్ పట్టుకుని పెట్టె అంతటా ఒకే గోధుమరంగు చల్లేస్తారు, బజ్జీలకి పిండి పట్టించినట్టు. మురికికి కారణం ఉంటుంది స్వామీ! పోత ఇనుము బ్రేకులు అరిగి రాలే పొడి బోగీల మీదా, పెట్టె కింది అంచు మీదా తుప్పురంగులో పేరుకుంటుంది. కిటికీల కింద తాంబూలం చారలు, కొన్నిచోట్ల అంతకన్నా చెప్పుకోలేనివి. తలుపు పక్క పట్టుకునే కడ్డీల దగ్గర మాత్రం మురికుండదు, వేల చేతులు తోమిపెట్టిన మెరుపుంటుంది. ఆ మెరుపు పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

అందుకని, రంగు కలిపే ముందు ఒక సంవత్సరం ఎంచుకోండి, ఆ సంవత్సరం ఫొటోలు వెతకండి. నేను 1986 ఎంచుకున్నాను: ముదురెరుపు పెట్టె, వాల్తేరు బోర్డు. బయట పని దాదాపు అయిపోయింది. లోపలే ఆగిపోయింది. ఆ ఏడాది గోదావరి రెండో తరగతి పెట్టెలో సీట్లు ఉత్త చెక్కవా, రెక్సిన్ వేసినవా? ఎవరి పెళ్ళి ఆల్బంలోనైనా, తిరుగు ప్రయాణం ఫొటోల్లోనైనా కనిపిస్తే పంపండి. "నాకు బాగా గుర్తు, చెక్కవే" అని మాత్రం రాయకండి.