పురిటికి అమ్మ సరే, పూచీ ఎవరిది?

మధురపూడి నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి దుబాయి, దుబాయి నుంచి డల్లాసు. ఈ ప్రయాణానికి సిద్ధమయ్యే మా పేట తల్లులు బయలుదేరే ముందు ఒకసారి మా ఇంటికి వస్తారు. నేను ఉద్యోగ విరమణ చేసి ఏళ్ళు గడిచినా, వసారాలో కూర్చుని బీపీ చూపించుకుని, "ఆరు నెలలకు సరిపడా మందులు రాసిపెట్టండి డాక్టరు గారూ" అని అడుగుతారు. సామాను సంగతి అడిగితే గ్రాములతో సహా చెబుతారు. 23 కిలోల పెట్టెలు రెండు. ఒకదానిలో ఆవకాయ, కందిపొడి, ఆత్రేయపురం పూతరేకులు. రెండోదానిలో వాము, శొంఠి, పాత చీరెలతో కుట్టిన బొంతలు. ఇన్సూరెన్సు ఏది తీసుకున్నారమ్మా అంటే మాత్రం, "అదంతా మా అబ్బాయి చూసుకున్నాడండీ" అంటారు. ఏమి చూసుకున్నాడో ఆవిడకు తెలియదు. చాలాసార్లు ఆ అబ్బాయికీ తెలియదు.

ఈ అజ్ఞానానికి మనం ప్రేమ అని పేరు పెట్టుకున్నాం. నా అభ్యంతరమంతా దాని మీదే.

అమెరికా చూడటానికి వెళుతున్నాననే ఆవిడ అందరితోనూ చెబుతుంది. వీసా కాగితంలోనూ అదే ఉంటుంది. వెళ్ళి చూసేది వంటగది, పాల సీసాలు, బట్టలు ఆరబెట్టే యంత్రం, ఒక శనివారం గుడి, వీలైతే ఒకరోజు నయాగరా. రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే లేచేది ఆవిడే, ఎందుకంటే కూతురు పొద్దున్నే మీటింగుకు కూర్చోవాలి. పూర్వం మన ఇళ్ళలో తొలికానుపుకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చేది. మంత్రసాని, మేనత్త, పొరుగింటి పిన్నిగారు, చాకిరేవు మనిషి, ఇంతమంది కలిసి ఒక బాలింతను చూసుకునేవారు. ఇప్పుడు పుట్టిల్లే విమానం ఎక్కుతోంది. అంతమంది చేసిన పని అరవై అయిదేళ్ళ ఒక్క మనిషి మీద, అదీ మధుమేహం, మోకాళ్ళ అరుగుదల ఉన్న మనిషి మీద పడుతోంది. ఆరు నెలలు కన్నతల్లి వంతు, తరువాతి ఆరు నెలలు అత్తగారి వంతు. దీనికి మనవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు "డ్యూటీ".

ఎందుకిలా? పిల్లలు చెడ్డవారై కాదు. 1993లో వచ్చిన అక్కడి కేంద్ర చట్టం బిడ్డను కన్న తల్లికి 12 వారాల సెలవు ఇస్తుంది, కానీ అది జీతం లేని సెలవు. అదీ 50 మందికి తగ్గకుండా పనివారున్న సంస్థలో ఏడాదైనా పనిచేసి ఉంటేనే. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రాలు వేతనంలో కొంతభాగం దక్కే ఏర్పాటు తమంతట తాము చేసుకున్నాయి. మనవారు గుంపులుగా స్థిరపడిన టెక్సాసులో అటువంటిది ఉద్యోగులందరికీ తప్పనిసరి కాదు. మన దేశంలో 2017 సవరణ తరువాత పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవుంది. (ఇది మన వరినాట్ల కూలీ తల్లికి అందదు. ఆ సిగ్గు మనది, దాని గురించి మరోసారి రాస్తాను.) ఇక చంటిబిడ్డను డేకేరులో చేర్చాలంటే అక్కడి పెద్ద నగరాల్లో నెలకు 2,000 డాలర్లు దాటడం వింత కాదు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి ఉండే గడువు 60 రోజులు. అటువంటి ఉద్యోగాన్ని పణంగా పెట్టి ఎవరు సెలవు అడుగుతారు? అందుచేత అమ్మను పిలుస్తారు. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన దేశం తన పనివారి పురుళ్ళ భారాన్ని కోనసీమ అమ్మమ్మల మోకాళ్ళ మీద మోపింది. మనం దానికి గర్వపడి ఫొటోలు పంచుకుంటున్నాం.

భారం మోయడానికి సిద్ధపడిన ఆ మనిషికి జబ్బు చేస్తే ఏమిటి? అక్కడ 65 ఏళ్ళు దాటినవారికి మెడికేర్ ఉంది గాని, సందర్శకురాలికి అది వర్తించదు. మన ఆరోగ్యశ్రీ సముద్రం దాటి రాదు. మిగిలింది ప్రయాణికుల బీమా. అందులో రెండు జాతులున్నాయి. చవక రకం ఒక్కొక్క చికిత్సకు ఇంత అని ఒక చిన్న మొత్తం మాత్రమే ఇస్తుంది; మిగతా బిల్లు మీ నెత్తినే. రెండో రకం, సమగ్రమైనది, మీ వాటా పోను ఖర్చులో పెద్ద భాగం గరిష్ఠ పరిమితి వరకూ భరిస్తుంది. దాని ప్రీమియం హెచ్చు. రెండింటిలోనూ అసలు మెలిక ఒకటే: బయలుదేరకముందే ఉన్న జబ్బులు. బీపీ, షుగరు, గుండెజబ్బు లేని అరవై అయిదేళ్ళ మనిషిని గోదావరి జిల్లాల్లో నాకు చూపించండి! "హఠాత్తుగా ముదిరితే చెల్లిస్తాం" అనే వాక్యం కొన్ని పాలసీలలో ఉంటుంది. దానికి వయోపరిమితి ఉంటుంది, తరచుగా 24 గంటల్లోపు చికిత్సకు వెళ్ళాలన్న నిబంధనా ఉంటుంది. పిల్లలు ఆన్‌లైన్లో అయిదు నిమిషాల్లో కొనేది ఎక్కువగా ఆ చవక రకమే. 1,200 డాలర్ల ఫోను కొనేముందు వారం రోజులు సమీక్షలు చదివే పిల్లవాడు, అమ్మ పాలసీ ఒక్కసారి చదవడు. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

ఒకావిడ సంగతి చెబుతాను, ఊరు పేరు వద్దు. అమెరికాలో అయిదు నెలలుండి వచ్చి, ఆయాసమని నా దగ్గరకు వచ్చింది. ఈసీజీ తీయిస్తే పాత గుండెపోటు ఆనవాళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఎప్పుడైనా నొప్పి వచ్చిందా అంటే కాసేపు తల వంచుకుంది. ఒక రాత్రి ఒళ్ళంతా చెమటలు పట్టి, ఊపిరాడక తెల్లవార్లూ సోఫాలో కూర్చున్నదట. కొడుకూ కోడలూ పైగదిలో నిద్రపోతున్నారు. "లేపితే అంబులెన్సు పిలుస్తారు కదండీ, ఆ బిల్లు వాడెక్కడ కడతాడు" అంది. మధుమేహులలో గుండెపోటు చాలాసార్లు ఛాతీనొప్పి లేకుండా చెమటగా, ఆయాసంగా వస్తుంది. తొలి గంటల్లో వైద్యం అంది ఉంటే ఆ కండరంలో కొంతైనా నిలిచేది. అక్కడ 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని, డబ్బు ఉన్నా లేకున్నా, పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు తరువాత వస్తుంది, నిజమే. కానీ తలుపు మూయరు. ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

మందుల విషయం కూడా ఎవరూ చెప్పరు. మన ఊళ్ళలో ధారాళంగా రాసే విల్డాగ్లిప్టిన్, గ్లిక్లజైడ్, టెనెలిగ్లిప్టిన్, సిల్నిడిపిన్ అమెరికా మార్కెట్టులో లేవు. కృత్రిమ కవాటం ఉన్నవారు వాడే అసిట్రోమ్ కూడా అక్కడ దొరకదు. దాని బదులు వార్ఫరిన్ ఉంది, మోతాదు వేరు, రక్తపరీక్షలు మళ్ళీ మొదలు. పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. తెలియక రెండూ కలిపి మింగితే కాలేయానికి ముప్పు. మందులు అయిపోతే కొరియరులో పంపుదామనుకోవడం కూడా నమ్మదగ్గ ఉపాయం కాదు.

ఇక నడక. ఇక్కడ పుష్కరఘాట్ దాకా వెళ్ళి రావడం, రైతుబజారుకు సంచీ పట్టుకుని పోవడం ఆవిడకు తెలియకుండానే జరిగే వైద్యం. అక్కడి శివారు కాలనీలో ఇళ్ళు ఒకచోట, అంగళ్ళు మరొకచోట. చాలాచోట్ల బస్సు ఉండదు, కారు నడపడం రాదు. చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల్లో సాయంత్రం అయిదుకే చీకటి, మెట్ల మీద మంచు. నాలుగు గోడలు, యూట్యూబు, పసిబిడ్డ. ఆరు నెలల తరువాత షుగరు పెరిగి తిరిగివస్తే ఆవకాయను తిడతాం.

ఇక్కడ మిగిలిపోయిన భర్త సంగతో? డెబ్బై ఏళ్ళ ఆయన కర్రీ పాయింటు సాంబారుతో, రాత్రి మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేకుండా ఆ ఆరు నెలలూ గడుపుతాడు. ఆ లెక్క ఎవరి ఖాతాలోనూ ఉండదు.

"మనవడిని ఎత్తుకునే ఆనందానికి వెల కడతారా?" అని నన్ను అడిగినవారున్నారు. కట్టను. నేనూ తాతనే. ఆనందానికి వెళ్ళేవారు ఆరు వారాలు వెళ్ళి రావచ్చు. ఆరు నెలల చాకిరీకి వెళుతున్నప్పుడు దాన్ని చాకిరీ అనే పిలవాలి, పనిచేసే మనిషికి కావలసిన రక్షణ అడగాలి. అందుకే ఇప్పుడు నేను పాలసీ కాగితం చూడనిదే ప్రయాణానికి మందులు రాయడం లేదు. కొంతమందికి కోపం వచ్చింది. ఒకాయన వేరే డాక్టరు దగ్గరకు వెళ్ళిపోయాడు.

మొన్న ఆదివారం ఒకావిడ వచ్చింది. వచ్చే నెల 9న ప్రయాణం. నా ముందే కొడుక్కి ఫోను చేయించాను. "అంకుల్, ఈ రాత్రికి పీడీఎఫ్ పంపిస్తాను" అన్నాడు మర్యాదగానే. ఈరోజు శుక్రవారం. కాగితం ఇంకా రాలేదు.