కార్ట్రిడ్జ్ కొనే ముందు అరగంట

"అన్నా, ఏ కార్ట్రిడ్జ్ కొనమంటావు?" మా టీములో కుర్రాళ్ళు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. తాతగారింట్లో అటక మీద ఎల్పీలు దొరుకుతాయి, ఉత్సాహంగా టర్న్‌టేబుల్ కొంటారు, వారం తిరక్కుండా "సౌండ్ బాలేదు, కార్ట్రిడ్జ్ మార్చాలి" అంటారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఇప్పుడే కొనకు, ముందు ఉన్నదాన్ని సరిగ్గా బిగించు.

కారణం చెప్తాను. రికార్డు తయారయ్యేటప్పుడు గాడి కోసే ముల్లు అంచు నించి మధ్యకి తిన్నగా, సరళరేఖలో జరుగుతుంది. మనింట్లో టోన్ ఆర్మ్ అలా కాదు, ఒక చివర కీలు మీద తిరుగుతూ వంపుగా వెళుతుంది. కాబట్టి ముల్లు గాడికి సరిగ్గా ఎదురుగా ఉండేది మహా అయితే రెండు చోట్ల. ఆ రెండూ ఎక్కడుంటే మిగతా చోట్ల తప్పు తక్కువగా ఉంటుందో 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్వాల్డ్ లెక్క కట్టేశారు. ఎక్కువమంది వాడే బేర్వాల్డ్ లెక్కలో అవి స్పిండిల్ మధ్య నించి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి. ఈ గీతలున్న ప్రొట్రాక్టర్ నెట్‌లో ఉచితం. ప్రింట్ తీసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' తీసెయ్యండి, స్కేలు పెట్టి కొలిచి చూసుకోండి. హెడ్‌షెల్ మరలు రెండూ కాస్త వదులు చేసి, రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా వచ్చేదాకా జరపడమే. అరగంట పని.

ఇది చెయ్యకపోతే దెబ్బ ముందుగా తెలిసేది ఆఖరి పాటలో. 33⅓ స్పీడు మీద ఎల్పీ అంచున గాడి సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు కదులుతుంది. మధ్యకొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంటే అదే సెకను సంగీతం సగం కన్నా తక్కువ చోట్లో ఇరుక్కుని ఉంటుంది. అక్కడ ముల్లు కొంచెం పక్కకి తిరిగి ఉన్నా 'స', 'ష' అక్షరాలు చిట్లిపోతాయి. మనవాళ్ళు కార్ట్రిడ్జ్‌ని తిట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

బరువు సంగతీ అంతే. తేలిగ్గా పెడితే రికార్డు అరగదని చాలామంది నమ్మకం. నిజానికి బరువు చాలకపోతే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని గీరేస్తుంది. కంపెనీ 1.8 నించి 2.2 గ్రాములు అంటే 2 పెట్టండి, తూకం వేసి మరీ.

ఇక పోలికలు. ఒకేసారి రెండు వేరియబుల్స్ మార్చి బెంచ్‌మార్క్ తీస్తే మన కోడ్ రివ్యూలో ఎవరైనా ఒప్పుకుంటారా? కార్ట్రిడ్జ్ విషయంలో మాత్రం కళ్ళు మూసుకుని ఒప్పేసుకుంటాం. నిజంగా పోల్చి చూడాలనుంటే 2018లో వచ్చిన ఆడియో టెక్నికా వీఎమ్95 లాంటి సిరీస్ మంచిది. బాడీ ఒకటే, ముల్లు మాత్రం లాగి మార్చుకోవచ్చు: గుండ్రటిది, ఎలిప్టికల్, మైక్రోలీనియర్, షిబాటా. బాడీ కదలదు కాబట్టి వినిపించే తేడా ముల్లుదే. పైగా ముల్లు ఎంత సన్నగా చెక్కినదైతే అలైన్‌మెంట్ తప్పుని అంత తక్కువగా సహిస్తుంది. వంకరగా బిగించిన షిబాటా మీద పెట్టిన డబ్బు సగం వృథా.

బెంచ్‌మార్క్ అన్నాక పరిసరాలు కూడా చెప్పుకోవాలి కదా. నేను నెలలో సగం రోజులు అరకులో ఉండి పని చేస్తాను, టర్న్‌టేబులూ అక్కడే. సుమారు 900 మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు పది డిగ్రీల కిందకి పడిపోతాయి. ముల్లున్న సన్నటి కడ్డీని పట్టుకునేది ఒక చిన్న రబ్బరు ముక్క. చలికి అది బిగుసుకుంటుంది, ముల్లు గాడితో పాటు ఊగలేక తడబడుతుంది. మే నెలలో విశాఖలో శుభ్రంగా పలికిన కార్ట్రిడ్జే జనవరి పొద్దున్న ఇక్కడ గరగరమంటుంది. మనవాళ్ళ 'నా మెషీన్‌లో పనిచేస్తోంది' జోకు లాంటిదే ఇదీను. గది 20 డిగ్రీలకి వచ్చేదాకా ఒక కప్పు కాఫీ తాగి, అప్పుడు వినండి. వానాకాలంలో అయితే కవర్లకి బూజు పడుతుంది, అది ముల్లు చివర చేరుతుంది. ప్రతి రికార్డుకీ ముందు బ్రష్‌తో ముల్లు తుడవాలి. వేలితో వద్దు!

"ఇంత చాదస్తం ఎందుకు, అన్నీ నెట్‌లో ఉన్నాయిగా?" అంటారు. ఘంటసాల భగవద్గీత నెట్‌లో ఉంది, నిజమే. అటక మీద దొరికిన పాత పద్యనాటకాల సెట్టు, ఏదో హరికథ రికార్డు, అన్నీ ఉన్నాయా? రికార్డుని మనం రీడ్-ఓన్లీ అనుకుంటాం. కాదు, ప్రతి రీడ్‌కీ కాస్త అరుగుతుంది. వంకర ముల్లుతో అరిగిన గాడికి రోల్‌బ్యాక్ లేదు. ఎమ్‌పీ3 చేసి దాచుకుందామనుకున్నా, ఆ చిట్లుడు కూడా ఫైలులో శాశ్వతంగా ఉండిపోతుంది. 78 ఆర్పీఎమ్ లక్క రికార్డులైతే మరీ జాగ్రత్త. వాటి గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు పెడితే అడుగుకి జారి అక్కడున్న దుమ్మునీ గరుకునీ వినిపిస్తుంది.

అందుకే నా లెక్కలో వరస ఇది: ముందు అలైన్‌మెంట్, తర్వాత బరువు, తర్వాత శుభ్రత. ఆ మూడూ అయ్యాక కూడా బాలేదనిపిస్తే అప్పుడు కార్ట్రిడ్జ్. ఆ తర్వాత ముఖ్యమైన రికార్డుల్ని ఒక్కసారి మంచి ముల్లుతో డిజిటైజ్ చేసి రెండు చోట్ల దాచుకోండి. బ్యాకప్ గురించి మీకు నేను చెప్పాలా?

మీ ఇళ్ళల్లో ఇంకా నెట్‌లో లేని రికార్డులు ఏమున్నాయో చెప్పండి. వాటిని ఏ ముల్లుతో వింటున్నారో కూడా!