తకిట తకిట తక

మా బ్లాక్ కింద వాయిడ్ డెక్‌లో వారానికి రెండు సాయంత్రాలు జుంబా జరుగుతుంది. చైనీస్ ఆంటీలు, మలయ్ అమ్మలు, మన తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు. పాటలు మారినా పై అంతస్తుల దాకా వినిపించే దరువు మాత్రం చాలాసార్లు ఒకటే. మా ఆవిడ దాన్ని "ఆ దడదడ" అంటుంది. ఓరోజు తొడమీద తాళం వేసి చూశాను: తకిట తకిట తక. మూడు, మూడు, రెండు. ఆదితాళం ఎనిమిదిలో సరిగ్గా ఇమిడిపోయే లెక్కే! రెగ్గెటాన్ సంగీతకారులు దీన్ని డెంబో అంటారు. జమైకా గాయకుడు షాబా ర్యాంక్స్ పాట ఒకదాని పేరే దీనికి స్థిరపడిపోయింది.

ఈ దరువును దేశదేశాలూ తిప్పినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది డాడీ యాంకీని. అసలు పేరు రామోన్ అయాలా. ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో, విల్యా కెనడీ అనే ప్రభుత్వ ఇళ్ళ సముదాయంలో పెరిగాడు. (సింగపూర్లో ఉండే మనకి ప్రభుత్వ ఇల్లంటే లిఫ్టు, కింద కాఫీ కొట్టు. అక్కడ కథ వేరు.) బేస్‌బాల్ ఆటగాడు కావాలని అతని ఆశ. డీజే ప్లేయెరోతో రికార్డింగు చేస్తూ, మధ్యలో కాసేపు బయటికొచ్చిన కుర్రాడి కాలికి, ఎవరో ఎవరిమీదో పేల్చిన తూటా తగిలింది. దాన్ని బయటికి తీయలేదు. నెలల తరబడి మంచం. ఆట పోయింది, పాట మిగిలింది.

అప్పట్లో ఈ పాటలు చేతులు మారే క్యాసెట్లలోనే తిరిగేవి. 1995లో పోలీసులు కొట్లమీద పడి, అశ్లీలమంటూ వాటిని పట్టుకుపోయారు. బూతు లేదని నేననను, ఉంది. కానీ ఆ పాటల్లోనే వాడలో తుపాకులున్నాయనీ ఉంది, పనుల్లేవనీ ఉంది. పట్టుకుపోయినవాళ్ళకి బూతొక్కటే వినపడింది.

2004లో 'బార్రియో ఫీనో' ఆల్బమ్ వచ్చింది, అందులో 'గాసోలినా'. ఆ పాటలో ఇంకా కావాలంటూ బదులిచ్చే ఆడగొంతు గ్లోరీ అనే గాయనిది. ఆ గొంతు తెలియని డాన్సు ఫ్లోరు లేదు, పేరు మాత్రం ఎంతమందికి తెలుసు? మన సినిమాల్లో కోరస్ పాడే అమ్మాయిల సంగతి గుర్తొస్తుంది నాకు.

2017లో లూయిస్ ఫోన్సీతో కలిసి పాడిన 'డెస్పాసీతో' సంగతి చెప్పక్కర్లేదు. ఆ జులైలో కాజ్‌వే అవతల మలేషియా ప్రభుత్వ ప్రసార సంస్థ, సాహిత్యం బాగోలేదని దాన్ని ఆపేసింది. ఇవతల నేనెక్కిన టాక్సీల్లో అదే మోగేది.

2023 డిసెంబరులో, యాభై రాకుండానే, సాన్ హువాన్‌లో వీడ్కోలు కచేరీ చేసి, ఇకపై క్రీస్తుకోసం బతుకుతానన్నాడు యాంకీ. మన హీరోలకి ఇలాంటి ఆలోచన కలలోకైనా రాదు! అదే ఏడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జాతీయ స్థాయిలో భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో 'గాసోలినా'ను చేర్చింది. రెగ్గెటాన్‌లోంచి ఆ జాబితాకెక్కిన మొదటి పాట అదే. గ్లోరీ గొంతు కూడా అందులోనే ఉంది.