ఆస్తి అప్పుల పట్టీలో చూడవలసినది

సర్వసభ్య సమావేశమున బాలెన్సు షీటనెడి ఆస్తి అప్పుల పట్టీ చదువునపుడు, రెండువైపుల మొత్తము సరిపోయినదని రైతులు తలయూపి లేచిపోవుట మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పెక్కుమారులు చూచితిమి. చితికిన సంఘపు పట్టీయు నట్లే సరిపోవును గదా!

తాము కట్టిన వాటాధనము అప్పులవైపున నుండుట చూచి కొందరు కలవరపడుదురు. సంఘము సభ్యులకు బాకీ గనుక నది యచ్చటనే యుండవలెను. మనము శోధింపవలసినది ఆస్తులవైపు. సభ్యులకిచ్చిన ఋణములన్నియు నచట ఆస్తిగనే కనబడును. మదనపల్లె మండీలో టమాట ధర పడిపోయిన యేట వాయిదా మీరిన ఋణమును ఆస్తియే. అది వసూలు కానిచో ఆ నష్టము ముందు నిల్వనిధిని, పిమ్మట మన వాటాధనమును తినివేయును. కావున వాయిదా మీరిన దెంత, రానిబాకీలకై తీసియుంచిన దెంత యని నిర్భయముగ నడుగుడు. అడిగినవానిని తగవులమారి యనుట న్యాయము కాదు.

ఇంటిలెక్కయు నింతే. మార్చి 31వ తేదీన నొక కాగితముపై ఆవులు, పట్టుపురుగుల చంద్రికలు, టమాట కఱ్ఱలు, చేతిసొమ్ము ఒకవైపున వ్రాయుడు. కఱ్ఱలు ఏటేట పుచ్చిపోవును గనుక వాని వెల తగ్గించి వ్రాయవలెను. ఎరువుల యంగడి బాకీ, కుదువబెట్టిన నగలపై నప్పు, సంఘపు ఋణము రెండవవైపున వ్రాయుడు. మిగిలినదే మీ సొంతము. మండీలో చేతబడిన సొమ్మంతయు గాదు.