గ్రహశకలం ఫొటోలో కనిపించేది వేరుశనక్కాయా, ఖజానానా?

2025 ఏప్రిల్ 20న నాసా వ్యోమనౌక లూసీ, డొనాల్డ్‌జొహాన్సన్ అనే గ్రహశకలానికి 960 కిలోమీటర్ల దూరం నుంచి దూసుకుపోయింది. ఆ వెంటనే విడుదలైన ఫొటోలను చూసిన ఖగోళ ప్రియుల నోట ఎక్కువగా వినిపించిన మాట వేరుశనక్కాయ. రెండు గుండ్రటి ముద్దలు, మధ్యలో సన్నటి నడుము. ఆ నడుమును నాసా మాత్రం ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు ఐస్‌క్రీం కోన్లతో పోల్చింది. ఎవరి వంటిల్లు వాళ్లది మరి! గ్రహశకలం పొడవు సుమారు 8 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువగా ఉన్నచోట 3.5 కిలోమీటర్లు. అనుకున్న దానికంటే పెద్దది కావడంతో మొదట వచ్చిన ఫొటోల్లో పూర్తిగా పట్టనే లేదు.

ఇలాంటి పోలికలు పిల్లచేష్టలని కొందరు విజ్ఞానవేత్తలు పెదవి విరుస్తుంటారు. ఆ విసుగు అనవసరం. గ్రహశకలాల విషయంలో ఆకారమే మొదటి ఆధారం. వేరుశనక్కాయలా ఉందంటే, ఒకప్పుడు విడివిడిగా ఉన్న రెండు శకలాలు పగిలిపోకుండా, నెమ్మదిగా ఆనుకుని అతుక్కుపోయి ఉండాలి. జపాన్ వ్యోమనౌక హయబుసా 2005లో చూసిన ఇటొకావాను అక్కడివారు నీటిపిల్లితో పోల్చారు. తల ఒకటి, ఒళ్లు ఒకటి. అదీ అలాంటి కలయికే. ర్యూగు, బెన్నులను చూసి అందరూ బొంగరమే అన్నారు. గిర్రున తిరిగే శకలం మీద వదులుగా ఉన్న రాళ్లు నడుము వైపు జారి పేరుకుంటాయన్నది ఆ రూపానికి శాస్త్రజ్ఞులు చెప్పే వివరణల్లో ఒకటి. ఔత్సాహికుడు బొంగరం అన్నప్పుడే ఆ చలనాన్ని సగం పట్టుకున్నట్టు.

పోలిక తప్పిపోవడమూ మంచిదే. నెప్ట్యూన్‌కు ఆవలనున్న అర్రొకాత్ 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ కెమెరాకు చిక్కినప్పుడు మంచుబొమ్మ అన్నారు. వ్యోమనౌక దాన్ని దాటిపోతూ వెనుదిరిగి తీసిన ఫొటోలు తర్వాత భూమికి చేరాయి. వాటిలో చూస్తే రెండు ముద్దలూ గుండ్రంగా లేవు, అట్టులా చదునుగా ఉన్నాయి. ఒక్క కోణం నుంచి చూసి ఆకారం తేల్చేయకూడదని అంత సులువుగా చెప్పే పాఠం మరొకటి దొరకదు.

బెన్ను దగ్గరికి వచ్చేసరికి ఔత్సాహికులు చూడటంతో ఆగలేదు. భూమి నుంచి తీసిన కొలతలను బట్టి దాని మీద ఇసుక పరుచుకున్న మైదానాలు ఉంటాయని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. 2018 చివర్లో ఒసైరిస్-రెక్స్ వెళ్లి చూస్తే ఎటు చూసినా బండరాళ్లే. దిగేందుకు చోటు వెతకడం కష్టమైంది. అప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది సామాన్యులు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఫొటోల్లో ఒక్కో రాయినీ గుర్తించి కొలిచిపెట్టారు. 2020 అక్టోబరు 20న వ్యోమనౌక చేయి బెన్నును తాకింది. గట్టి నేల తగులుతుందనుకుంటే, వదులుగా పోసిన రాళ్లకుప్పలోకి దిగినట్టు లోపలికి దిగబడిపోయింది.

బస్తర్‌లో ఒక కొండల వరుస ఉంది, పేరు బైలాడిలా. అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి చూసినవారికి ఎలా కనిపించిందో అదే పేరయింది. ఇటొకావాను నీటిపిల్లి అన్న కన్నూ, ఈ కొండను మూపురం అన్న కన్నూ ఒకటే. తెలుగువారికి ఈ కొండలు దూరమైనవేమీ కావు. అరకు రైల్లో వెళ్లేవారికి ఎదురొచ్చే, ఎర్రదుమ్ము పట్టిన గూడ్సు బండ్లు ఆ ఇనుప ఖనిజాన్నే విశాఖపట్నానికి మోస్తాయి. కొత్తవలస నుంచి కిరందుల్ దాకా ఆ లైను వేసింది 1960ల్లో, జపాన్‌కు ఖనిజం పంపడానికి. గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

గనుల కాగితాల్లో మాత్రం మూపురం ఉండదు. డిపాజిట్ 5, డిపాజిట్ 14 అని నంబర్లుంటాయి. 2019 జూన్‌లో కిరందుల్‌లో వేలాది ఆదివాసులు రోజుల తరబడి ధర్నాకు కూర్చున్నది డిపాజిట్ 13 గురించి. వాళ్లకది నంబరు కాదు, తమ దేవుడు నందరాజ్ కొలువున్న కొండ. రాష్ట్ర ప్రభుత్వం అప్పటికి పనులు ఆపించింది. ఉక్కు అక్కర్లేదని ఎవరూ అనరు. ఆ గనుల వల్ల బతికే కుటుంబాల్లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అయితే కొండను టన్నుల్లో మాత్రమే చూడటం అలవాటయ్యాక లెక్కలోంచి ఏమేం జారిపోతాయో, ఖనిజపు ముక్కుతో ఎరుపెక్కిన శంఖినీ నది ఒడ్డున ఉండేవారికి చెప్పనక్కర్లేదు.

గ్రహశకలాల గురించి వినిపించే మరో మాట గుర్తుకొచ్చేది ఇక్కడే. కొత్త ఫొటో వచ్చిన గంటకే "దీని విలువ ఎన్ని లక్షల కోట్లు?" అన్న ప్రశ్న పుట్టుకొస్తుంది. దీనికి పరాకాష్ఠ సైకీ. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే ఈ గ్రహశకలంలోని ఇనుము విలువ డాలర్లలో ఒకటి పక్కన 19 సున్నాలని టీవీ చర్చల నుంచి వాట్సాప్ దాకా తిరుగుతోంది. ఆ లెక్క వేసింది సైకీ మిషన్‌కు నేతృత్వం వహించిన లిండీ ఎల్కిన్స్-టాంటనే. అది ఊహ కోసం వేసిన లెక్క అనీ, అంత ఇనుము తెచ్చే మార్గం లేదనీ, తెస్తే ధరే కుప్పకూలుతుందనీ ఆమే చెప్పారు. జనంలో సున్నాలు మిగిలాయి, ఆ వివరణ మిగల్లేదు.

పైగా ఆ శకలం అంతా ఇనుమే అన్న నమ్మకమూ సడలింది. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 7.9 గ్రాములు. సైకీ సాంద్రత 4 గ్రాముల దగ్గర ఉంటుందని ఇటీవలి అంచనాలు. అంటే రాయి, లోహం కలిసిన ముద్ద కావచ్చు, లేదా లోపల ఖాళీలు చాలా ఉండవచ్చు. తీసుకురావడం ఎంత కష్టమో బెన్నునే అడగవచ్చు. వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, ఏడేళ్లు ప్రయాణించి, 2023 సెప్టెంబరులో భూమికి చేర్చింది 121.6 గ్రాములు. ఇంట్లో టీపొడి డబ్బాలో పట్టేంత. ఆ ధూళిలో అమైనో ఆమ్లాలు దొరికాయి. బంగారం లెక్కన దాన్ని ఎవరైనా తూస్తే నవ్వు వస్తుంది.

విలువ గురించి అడగడం నేరమేమీ కాదు. ఇబ్బంది ఏమిటంటే, ఆ ప్రశ్న ముందు వస్తే చూపు అక్కడితో ఆగిపోతుంది. నడుము ఎందుకు సన్నబడింది, ఈ గుంట పాతదా కొత్తదా, ఈ బండ ఇక్కడికి ఎలా వచ్చింది అన్నవి ఎవరికీ పట్టవు. జగదల్‌పూర్‌లోనైనా విశాఖలోనైనా బడిలో గ్రహశకలం ఫొటో చూపించే మాస్టారు, ధర చెప్పి పిల్లల్ని ఆశ్చర్యపరచడానికి తొందరపడకుండా, ముందు దాని అంచు గీయమనడం మంచిది. గీత గీసేటప్పుడు కన్ను ఆగిన చోటల్లా ఒక ప్రశ్న ఉంటుంది.

సైకీ అసలు ముఖం ఇంతవరకూ ఎవరూ దగ్గర నుంచి చూడలేదు. పత్రికల్లో వచ్చే మెరిసే లోహపు కొండ చిత్రకారుల ఊహే. 2023 అక్టోబరు 13న బయల్దేరిన వ్యోమనౌక 2029లో అక్కడికి చేరాలి. కెమెరాలతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరమూ, ఉపరితలంలో ఏయే మూలకాలున్నాయో గామా కిరణాలను బట్టి చెప్పే పరికరమూ అందులో ఉన్నాయి. ఇనుము సంగతి అవి తేలుస్తాయి. ఫొటోలు వచ్చిన రోజున అది బంగాళాదుంపలా ఉందో, గుమ్మడికాయలా ఉందో, లేక ఎద్దు మూపురంలా ఉందో చెప్పడానికి మాత్రం ఏ పరికరమూ అక్కర్లేదు.